కిందికి దిగిన పాట

సోమలింగం గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే కూర్చున్న చోట జవాబు చెప్పేవారు కాదు. ఆ ప్రశ్న ఎక్కడ పుట్టిందో కనుక్కుని, వీలైతే అక్కడికి వెళ్ళేవారు. అన్నదమ్ముల తగాదా గురించి అడిగిన ఒకాయన పొలానికి వెళ్ళి గట్టు మీద పూటంతా కూర్చుని వచ్చారు. నిద్ర పట్టడం లేదన్న మరొకాయన ఇంట్లో ఒక మధ్యాహ్నం చాప వేసుకుని తానే పడుకుని వచ్చారు. వెళ్ళి ఏం చేస్తారో ముందుగా ఎవరికీ తెలియదు. ఆయనకు కూడా తెలియదేమోనని మాలో కొందరికి అనుమానం.

ఆయన ఉండేది బాలానగర్‌లో, లేతు మిషన్ల షెడ్ల వెనక, ఒక మేడ మీది గదిలో. ఆదివారం ఉదయం శిష్యులం పదిమందిమి అక్కడ చేరేవాళ్ళం. ఎక్కువమంది చేతిపనివాళ్ళం. పెద్ద ఉద్యోగం ఉన్నవాడు చక్రధర్ ఒక్కడే. అతను చిన్న ఉద్యోగం చేసుకునే రోజుల్లో ఆ మేడ పక్కనే అద్దె గదిలో ఉండేవాడు. తరవాత ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరి, మెట్టు మెట్టుగా పైకి వెళ్ళి, కోకాపేట వైపు ఒక పెద్ద గేటెడ్ కమ్యూనిటీలో ఫ్లాటు కొన్నాడు. అంత ఎదిగినా ఆదివారం మాత్రం మానలేదు. ఆ నిలకడ చూసి గురువుగారికి అతనంటే ఇష్టం.

ఒక ఆదివారం పాఠం అయిపోయాక అందరూ లేస్తుంటే అతను లేవలేదు.

"గురువుగారూ, ఒక మాట అడగాలి. ఈ పక్క గదిలో ఉన్నప్పుడు నా జీతం ఇప్పటి మా డ్రైవరు జీతమంత కూడా లేదు. అయినా నెలాఖరున సినిమాకి వెళ్ళేవాణ్ణి. ఇప్పుడు నెలలో మొదటి వారం దాటితే ఫోను మోగినా ఉలిక్కిపడుతున్నాను. తాగుడు లేదు, పేకాట లేదు. జీతం పెరిగినకొద్దీ ఊపిరి తగ్గుతోంది. ఈ తప్పు ఊరిదా, నాదా?"

టైలరు యాదగిరి గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగాడు. "నీ జీతం నాకియ్యి అన్నా. నెలాఖరు దాకా ఎట్ల ఉంచాల్నో నేను చూపిస్త."

అందరం నవ్వాం. చక్రధర్ కూడా నవ్వాడు గాని ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది.

"అక్కడుంటే తెలుస్తుంది యాదగిరీ. పిల్లవాడి పుట్టినరోజు ఇంట్లో చేశామనుకో, 'ఏమైంది, అంతా బాగానే ఉన్నారా' అని పరామర్శిస్తారు. పాత కారు దిగితే గేటు దగ్గర సెక్యూరిటీవాడు కూడా ఒక్క క్షణం ఆలోచించి సెల్యూట్ కొడతాడు. పిల్లల్ని ఆ స్కూల్లో కాకుండా ఇంకో స్కూల్లో వేస్తే వాళ్ళతో ఆడుకునేవాళ్ళుండరు. ఇందులో ఏది తీసెయ్యమంటావు, చెప్పు."

గురువుగారు అడిగారు. "అలా పరామర్శించేది ఎవరు?"

"అందరూ."

"ఒకరి పేరు చెప్పు."

"పేరంటే... ఎదుటి టవర్లో డాక్టర్ విశ్వంభర్ గారని ఎముకల డాక్టరు ఉన్నారు. ఆయన నోరు తెరిచి ఏమీ అనలేదు. కానీ ఆయనలాంటివాళ్ళ మధ్య ఉండాలి కదా. వాళ్ళకేం, వాళ్ళకుంది."

గురువుగారు కండువా దులిపి భుజాన వేసుకున్నారు. "మీ దగ్గర వినాయకుణ్ణి నిమజ్జనానికి ఎప్పుడు కదిలిస్తారు?"

"వచ్చే ఆదివారం సాయంత్రం."

"వస్తాను."

ఆ ఆదివారం యాదగిరి, నేను ఆయన వెంట వెళ్ళాం. బస్సు దిగి, షేర్ ఆటో ఎక్కి, మిగతా దూరం నడిచాం. గేటు దగ్గర కాపలా కుర్రవాడు గురువుగారి కండువా వైపు, అరిగిన చెప్పుల వైపు చూసి అడ్డం నిలబడ్డాడు.

"ఏ ఫ్లాటు తాతా?"

"చక్రధర్ గారి ఇల్లు."

"పేరు చెప్తే నడ్వది. నంబరు కావాలె. వాళ్ళు ఫోన్ల ఓకే కొట్టాలె."

"తిరుపతిల గూడ ఇంత లేదు కదరా," అన్నాడు యాదగిరి.

చక్రధర్ ఫోనులో ఓకే కొట్టాక వదిలారు. లోపల అప్పటికే డప్పులు మొదలయ్యాయి. నాలుగు టవర్ల మధ్య ఖాళీ జాగాలో పెద్ద షామియానా, రంగు దీపాలు, మనిషికి రెండింతల వినాయకుడు, ఆయన చేతిలో బిందెంత లడ్డూ. పిల్లలు ఈలలు వేస్తూ పరిగెడుతున్నారు. తీన్మార్ దెబ్బకు నేల అదురుతోంది. ముసలాయన కాళ్ళు కూడా ఆ దరువుకు కొంచెం చురుగ్గా పడటం నేను చూశాను.

చక్రధర్ భార్య మృదుల మమ్మల్ని పక్కకు తీసుకెళ్ళి మజ్జిగ ఇచ్చింది. ఆమె కూడా ఉద్యోగస్తురాలే. మా ముందు మొహమాటపడలేదు, తిన్నగా విషయానికి వచ్చింది.

"గురువుగారూ, రేపు సోమవారం పిల్లలిద్దరి ఫీజూ కట్టాలి. ఇప్పటికే రెండుసార్లు గడువు అడిగాం. ఈసారి కట్టకపోతే పేర్లు తీసేస్తామన్నారు. ఆ డబ్బు ఎలా కూడబెట్టామో మా ఇద్దరికే తెలుసు. ఇక్కడ లడ్డూ వేలం ఉంటుంది. పాట జోలికి పోనని ఈయన నాకు మాటిచ్చారు. ఈయన మాట మంచిదే. కాని మైకు ముందు నిలబడేది కాదు. దయచేసి మీరు పక్కన కూర్చోండి."

"కూర్చుంటానమ్మా," అన్నారు గురువుగారు. అంతకంటే భరోసా ఏమీ ఇవ్వలేదు.

వెనక వరసలో కూర్చుందామని మృదుల చెప్పింది. కాని కమిటీవాళ్ళు చక్రధర్‌ను చూడగానే చెయ్యి పట్టుకుని ముందు వరసకు లాక్కెళ్ళారు. అతని పక్కన గురువుగారిని కూర్చోబెట్టారు. నడవకు అవతల వైపు డాక్టర్ విశ్వంభర్ పట్టు లాల్చీలో కూర్చుని ఉన్నాడు. చక్రధర్ నమస్కారం పెట్టాడు. డాక్టరు కూడా పెట్టాడు. ఇద్దరూ ఒకరి గడియారం ఒకరు చూసుకున్నారు.

మైకు కమిటీ కార్యదర్శి ఉమాపతి అనే ఆయన చేతిలో ఉంది. స్థలాల వ్యాపారం చేసి చేసి మాట రాటుదేలిన మనిషి. ముందు షరతులు చదివాడు. పాడినవారు రేపు సాయంత్రంలోగా సొమ్ము కట్టాలి. కట్టలేకపోతే దాని కింది పాటే ఖాయమవుతుంది. ఈ షరతు ఏటా చదువుతారట, ఏటా ఎవరూ వినరట.

మొదటి పాట కమిటీ అధ్యక్షుడిది. అది అక్కడి ఆచారం. అధ్యక్షుడు లింగమూర్తి గారు నీటిపారుదలలో ఇంజనీరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. లేచి, "యాభై వేలు" అని కూర్చున్నాడు. డప్పులు మోగాయి. డి టవర్ హరనాథ్ అనే బిల్డరు లక్షన్నర అన్నాడు. సి టవర్ నుంచి సాకేత్ అనే కుర్రవాడు, సొంత కంపెనీ ఉన్నవాడు, ఒక్క గంతులో మూడు లక్షలన్నాడు. డాక్టరు వేలు ఎత్తి మూడున్నర అన్నాడు.

ఉమాపతి చక్రధర్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"రెండేళ్ళుగా లడ్డూ డాక్టరు గారి ఎ టవర్‌కే పోతోంది. బి టవర్‌వాళ్ళకి తీపి పడదా, అందరికీ షుగరా? చక్రధర్ గారు ఈ మధ్యే డైరెక్టరయ్యారట. మాకు స్వీటు కూడా పంచలేదు. దేవుడి చేత పంచిద్దామని ఆగారేమో."

వెనక బి టవర్ కుర్రకారు అతని పేరు పెట్టి కేకలు వేశారు. చక్రధర్ చెవులు ఎర్రబడ్డాయి. గురువుగారి వైపు వంగి గుసగుసగా చెప్పాడు.

"ఒక్క పాట పాడి ఊరుకుంటాను గురువుగారూ. పైపాట ఎలాగూ డాక్టరు గారే పాడతారు. మన టవర్ పరువు నిలుస్తుంది, పైసా పోదు. ఆయనకిదొక లెక్కా."

గురువుగారు సరేననలేదు, వద్దననలేదు. చక్రధర్ "నాలుగు" అన్నాడు.

నిజంగానే డాక్టరు వెంటనే పైపాట పాడాడు. చక్రధర్ ముఖంలో వెలుగు వచ్చింది. చూశారా అన్నట్టు గురువుగారి వైపు చూశాడు. ఆ వెలుగుతోనే ఇంకో పాట పాడాడు. డాక్టరు మళ్ళీ పెంచాడు. డప్పులవాళ్ళు ఒక్కో పాటకూ దరువు హెచ్చించారు. జనం లేచి నిలబడ్డారు. పిల్లలు కుర్చీలెక్కారు. ఫోన్లన్నీ పైకి లేచాయి. నాలుగున్నర, నాలుగూ డెబ్భై అయిదు, అయిదు. ఎదుటివాడి నోట మాట వచ్చేదాకా ఇటువాడి గుండె ఆగుతోంది, రాగానే పొంగుతోంది. ఆ పొంగులో ఇంకో మెట్టు. మృదుల ఆడవాళ్ళ వరసలోంచి లేచి నిలబడింది. ఆమె చెయ్యి ఊపుతోంది, తల ఊపుతోంది. చక్రధర్ అటు చూడలేదు. పాట పిల్లల ఫీజును దాటిపోయింది.

"అయిదూ డెబ్భై అయిదు," అన్నాడు డాక్టరు.

"ఆరు," అన్నాడు చక్రధర్.

ఈసారి డాక్టరు పాట పెంచలేదు.

జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. కాళ్ళ వైపు చూసుకున్నాడు. చక్రధర్ అతని వైపు చూస్తున్నాడు. ఆ చూపు పాటలో గెలుస్తున్నవాడి చూపు కాదు. నీళ్ళలో పడినవాడు గట్టున ఉన్నవాడి వైపు చూసే చూపు.

"ఆరు లక్షలు, బి టవర్, ఒకటోసారి," అన్నాడు ఉమాపతి. డప్పు ఒక్క దెబ్బ పడింది. "ఎ టవర్ సింహం పడుకుందా? ఆరు లక్షలు, రెండోసారి."

రెండో దెబ్బ పడింది. ఉమాపతి మూడో మాటకు చెయ్యి పైకెత్తాడు.

"ఆరూ పదివేలు," అన్నారు సోమలింగం గారు.

యాదగిరి నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అందరి తలలూ తిరిగాయి. ఉమాపతి చేతులు జోడించాడు.

"స్వామీ, తమరిది ఏ టవరు?"

"బాలానగర్."

నవ్వులు పేలాయి. డప్పులు దద్దరిల్లాయి. చక్రధర్ కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. బతికిపోయాననుకున్నాడని చూస్తేనే తెలుస్తోంది. ఉమాపతి దగ్గరికొచ్చి మైకు దించి అడిగాడు. కాని గొంతు పెద్దది కాబట్టి ముందు వరసలన్నిటికీ వినపడింది.

"స్వామీ, తప్పుగా అనుకోవద్దు. రేపు సాయంత్రానికి సొమ్ము కట్టాలి. తమ దగ్గర ఉందా?"

"లేదు."

"లేకుండా ఎలా పాడారు స్వామీ?"

"అందరూ పాడుతుంటే పాడాను."

మళ్ళీ నవ్వులు. ఉమాపతి కూడా నవ్వి, మైకు పైకెత్తాడు. "పెద్దాయన సరదా పడ్డారు. షరతు ప్రకారం కింది పాటే ఖాయం. చక్రధర్ గారు, ఆరు లక్షలు..."

చక్రధర్ కళ్ళు తెరుచుకున్నాయి.

"నాయనా, ఆగు," అన్నారు గురువుగారు. "నన్ను అడిగావు కదా, ఉందా అని. ఆయన్ని కూడా అడుగు."

ఉమాపతి నాలుక కరుచుకున్నాడు. "ఎంత మాట స్వామీ. ఆయన్ని అడగడమేమిటి? ఆయనెవరనుకున్నారు?"

"నాకు తెలియదు. అందుకే అడగమంటున్నాను."

కమిటీవాళ్ళ ముఖాలు మారాయి. ఒకాయన ఇది అవమానమన్నాడు. గురువుగారు చక్రధర్ చెయ్యి పట్టుకోలేదు, కన్నుగీటి దారి చూపలేదు. అక్కడి నుంచి బయటపడే తోవ ఒకటే ఉంది, ఆ తోవన నడవాల్సింది చక్రధరే. వందల కళ్ళు, వందల ఫోన్లు అతని మీదే ఉన్నాయి. అవునని తల ఊపితే చాలు, హారం మెడలో పడుతుంది, తెల్లవారితే పిల్లల పేర్లు స్కూల్లోంచి పోతాయి. అతను లేచాడు. మైకు పుచ్చుకున్నాడు.

"లేదు. నా దగ్గర లేదు. ఉన్నది పిల్లల ఫీజు. రేపు కట్టాలి. నేను డాక్టరు గారి ధైర్యం మీద పాడాను. ఆయన పైపాట పాడతారనుకున్నాను."

ఉమాపతికి చేతిలో మైకు లేక ఏం చెయ్యాలో తోచలేదు. పాత అలవాటు కొద్దీ నోటితోనే అన్నాడు.

"అయితే కింది పాట డాక్టరు గారిది. అయిదూ డెబ్భై అయిదు."

డాక్టర్ విశ్వంభర్ లేచి నిలబడ్డాడు. పెద్ద మనిషి, పెద్ద కంఠం. ఆ కంఠంలో వణుకుందో నవ్వుందో మొదట తెలియలేదు.

"నన్ను కూడా అడుగుతారా ఉమాపతి గారూ? మా లిఫ్టులో దీపం పోతే మీతో పోట్లాడాను గుర్తుందా, మెయింటెనెన్స్ అంత కడుతున్నానని? కట్టలేదు. రెండు నెలలుగా కట్టలేదు. నేను మూడున్నర దగ్గర నుంచీ చక్రధర్ గారి ధైర్యం మీద పాడుతున్నాను. సాఫ్ట్‌వేర్‌వాళ్ళకేం, వాళ్ళకుంది అనుకున్నాను."

ఎవరు మొదలుపెట్టారో తెలియదు. నవ్వు వెనక వరసలోంచి బయల్దేరి ముందుకు వచ్చి వాళ్ళిద్దరి మీద పడింది. ఎగతాళి నవ్వు కాదు. బిగించిన బెల్టు ఒక బెజ్జం వదులు చేసినప్పుడు వచ్చే నవ్వు. ఇక పాట మెట్లు దిగడం మొదలుపెట్టింది. డాక్టరు పాటలూ చక్రధర్ పాటలూ ఒక్కొక్కటే కొట్టివేస్తూ ఉమాపతి కిందికొస్తుంటే జనమే తరవాతి అంకె ముందుగా అందిస్తున్నారు.

"కింది పాట సాకేత్ గారిది. మూడు లక్షలు."

కుర్రవాడు లేవలేదు. కూర్చునే అన్నాడు. "మా కంపెనీ మూతపడి మూడు నెలలైంది అంకుల్. రోజూ లాప్‌టాప్ పట్టుకుని పార్కుకి వెళ్తున్నాను. ఇంట్లో కూడా తెలియదు."

నవ్వు ఆగిపోయింది. ఆడవాళ్ళ వరసలోంచి ఒకామె లేచి, కుర్చీలు జరుపుకుంటూ వచ్చి, ఆ కుర్రవాడి పక్కన ఖాళీ లేకపోతే కింద కూర్చుంది. అతని భార్య. ఏమీ అడగలేదు. కాసేపు డప్పులవాళ్ళు కూడా చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

ఉమాపతి గొంతు సవరించుకున్నాడు. ఈసారి మెల్లగా అన్నాడు. "హరనాథ్ గారు. లక్షన్నర."

"నా దగ్గర ఉన్నట్టే గాని, ఇంట్లో అడగాలి," అన్నాడు బిల్డరు.

"అడిగి ఉంటే అప్పుడే కూర్చోబెట్టేదాన్ని," అంది వెనక నుంచి ఆయన భార్య. షామియానా మళ్ళీ నవ్వుల్లో మునిగింది.

ఇంక మిగిలింది మొదటి పాట. లింగమూర్తి గారు అప్పటికే లేచి నిలబడి ఉన్నాడు. లాల్చీ జేబులోంచి కవరు తీసి పైకెత్తి పట్టుకున్నాడు.

"ఉన్నయి. నా దగ్గర ఉన్నయి. పదేండ్ల సంది మొదటి పాట నాదే. పదేండ్ల సంది ఈ కవరు తెస్తున్న, తీస్కపోతున్న. ఒక్కసారన్న లడ్డు నా చేతికి రాలే. సుగుణా, పళ్ళెం పట్కరా."

ఆ సాయంత్రం 'ఉంది' అన్న మాట మొట్టమొదట వినపడింది ఆయన నోటనే. జనం చప్పట్లు కొట్టిన తీరు నేను ఇంకెక్కడా చూడలేదు. డప్పులు విరుచుకుపడ్డాయి. లింగమూర్తి గారు, ఆయన భార్య సుగుణమ్మ గారు లడ్డూ ఎత్తలేక ఎత్తుతుంటే డాక్టరు ఒక పక్క, చక్రధర్ ఒక పక్క పట్టారు. అక్కడికక్కడే పగలగొట్టి పంచారు. కాపలా కుర్రవాడికీ, డప్పులవాళ్ళకూ, మాకూ అందింది. యాదగిరి రెండోసారి చెయ్యి చాపాడు. ఆరు లక్షల రుచి యాభై వేలకే వచ్చిందని అతని సంతోషం.

ఊరేగింపు బయల్దేరింది. ట్రాక్టరు ముందు డాక్టరు పట్టు లాల్చీ చేతులు మడిచి చిందులేస్తున్నాడు. సాకేత్ భార్య చేతిలో చెయ్యి ఉంచుకుని నడుస్తున్నాడు. మృదుల కళ్ళు తుడుచుకుంటూనే పిల్లలకు రంగులు పూస్తోంది. చక్రధర్ ఆ గుంపులోంచి విడివడి మా వెంట గేటు దాకా వచ్చాడు. మొహం నిండా గులాల్. చాలా బరువు దిగినవాడిలా ఉన్నాడు, అయినా ఏదో ఒకటి ఇంకా గుచ్చుతోంది. ఆటో కోసం నిలబడి ఉండగా బయటపెట్టాడు.

"ఫీజు దక్కింది గురువుగారూ. అంతవరకు బాగుంది. కాని ఇంతమందిలో లేదనేశాను. రేపటి నుంచి వీళ్ళు నన్ను ఎలా చూస్తారో."

ఆటో వచ్చి ఆగింది. గురువుగారు ఒక కాలు లోపల పెట్టి, వెనక్కి తిరిగి అడిగారు.

"నిన్నటి దాకా నిన్నెవరైనా చూశారా?"